రెండు వేళ్ల లూజు

“చీకట్లో కాలవ కట్ట మీద పరిగెడితే కాలు జారదా అయ్యా? జారి నీళ్లలో పడితే నీకు ఈత కూడా సరిగ్గా రాదే!”

కోటేష్ ఇంకా పరుగు మొదలుపెట్టనేలేదు. రేపు తెల్లవారుజాము నుంచి పరిగెడతానని మాత్రమే అన్నాడు. కొత్త కాన్వాసు బూట్లు ఇంకా అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. ఈలోపే సుబ్బరావమ్మ మనసులో వాడు కట్ట మీద నుంచి జారి, కాలవలో పడి, లాకుల దాకా కొట్టుకుపోయి, ఎవరో కబురు మోసుకుని సైకిలు మీద రావడం కూడా అయిపోయింది.

“కాలవలో నీళ్లెక్కడున్నయ్యే? మోకాటి లోతు లేవు,” అన్నాడు పేరయ్య, పత్తి చేలో అరికాల్లో దిగిన ముల్లు తీసుకుంటూ.

“నీళ్లు లేకపోతే రాళ్లుంటయ్. తల పగలదూ?”

“ఒరే కోటా, ఆ బూట్ల అట్టపెట్టె మీ అమ్మకివ్వరా. భయాలు దాచుకోడానికి ఇంట్లో గాదె చాలట్లేదు.”

తండ్రీకొడుకులు నవ్వుకున్నారు. సుబ్బరావమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే టార్చిలైటులోకి కొత్త బ్యాటరీలు తెప్పించి బూట్ల పక్కన పెట్టింది.

పర్చూరు రోడ్డు మీద ఉన్న ఆ ఊళ్లో సుబ్బరావమ్మ భయాలకి పెద్ద పేరు. మబ్బు పడితే పిడుగు, బస్సు ఆలస్యమైతే బోల్తా, మొగుడు చేలో పురుగుమందు కొట్టి వచ్చి తల నొస్తోందంటే ఆస్పత్రి. ఐదో తరగతి దాకా చదివింది. పేపరు కూడబలుక్కుని చదవగలదు గానీ, చదివేది ప్రమాదాల వార్తలే. ఇన్నిటికి భయపడ్డ మనిషి ఒక్కదాన్ని మాత్రం భయపడకుండా వదిలేసింది. సొంత ఇంట్లోవాళ్లు తనకి అబద్ధం చెబుతారేమోనని ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో కార్గిల్ యుద్ధం జరిగింది. ఊళ్లో రంగుల టీవీ ఉన్న నాలుగైదు ఇళ్లలో గౌస్ బాషాది ఒకటి. బాషా పదిహేడేళ్లు మిలిటరీలో చేసి హవల్దారుగా తిరిగొచ్చినవాడు. ఆయన భార్య జానీబీ జాకెట్లన్నీ సుబ్బరావమ్మే కుడుతుంది. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. ఒకరోజు కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్లి, ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి, సుబ్బరావమ్మ టీవీలో జెండా కప్పిన పెట్టెను చూసింది. పెట్టె మీద పడి ఏడుస్తున్న ముసలామె మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఆమె కొంగు జారిపోవడం, దాన్ని ఎవరూ సరిచెయ్యకపోవడం మాత్రం బాగా అర్థమయ్యాయి. జాకెట్లు చేతిలో పట్టుకునే ఇంటికి తిరిగొచ్చింది. అన్నం తింటున్న కొడుకు చెయ్యి పట్టుకుని, ఎంగిలితోనే, తన నెత్తిన పెట్టుకుంది.

“బాషా మావయ్య వెంట తిరుగుతున్నావు, నాకు తెలుసు. మిలిటరీ మాట ఎత్తనని చెప్పు.”

“అమ్మా, చెయ్యి ఎంగిలే...”

“చెప్పరా.”

“ఎత్తనమ్మా. మిలిటరీ మాట ఎత్తను.”

జుట్టులోంచి మెతుకులు తీసుకుంటూ ఆవిడ ఆరోజు తృప్తిగా ఏడ్చింది.

వినాయక చవితి వెళ్లిన వారానికి వాడు పోలీసు సెలక్షన్లకి తయారవుతానన్నాడు. సుబ్బరావమ్మ ఒక పూటంతా ఆలోచించింది. పోలీసంటే గుంటూరో, ఒంగోలో. మరీ దూరమేస్తే పిడుగురాళ్ల. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి పిల్లాణ్ణి కంటితో చూసి, సాయంత్రానికి గేదె పాలు పితికే వేళకి ఇంటికి రావచ్చు. దొంగలు కత్తులతో పొడుస్తారేమోనన్న భయం ఒకటి ఉండనే ఉంది. ఆ మాట అడిగితే, “కానిస్టేబుల్ని చూసి దొంగే పారిపోతాడు గానీ నువ్వు ఊరుకో,” అన్నాడు పేరయ్య. సరేనంది.

సరే అన్నాక ఆవిడ చేసే పనికి అడ్డూ అదుపూ ఉండదు. వాడికంటే ముందు తనే లేచేది. నానబెట్టిన శనగలు గిన్నెలో పోసి గుమ్మం దగ్గర పెట్టేది. వాడు పరిగెత్తి వచ్చేసరికి రెండు గుడ్లు ఉడికేవి. జాకెట్లు కుట్టిన డబ్బులతో మినుములు, నెయ్యి కొని సున్నుండలు చుట్టేది. వాడు పెరట్లో దండీలు తీస్తుంటే వసారాలో మిషను తొక్కుతూ లెక్కపెట్టేది. వేపకొమ్మకి వేలాడి, గడ్డం కొమ్మకి ఆనేదాకా ఒళ్లు పైకి లాగుతుంటే కొమ్మ విరుగుతుందేమోనని చేతులు చాచి కింద నిలబడేది.

“అమ్మా, నేను పడితే నువ్వు పట్టుకుంటావా? ఇద్దరం ఆస్పత్రికి పోతాం.”

“పోతే పోదాం. ఒక్కడివే పోకు.”

ఆదివారం ఆదివారం ఛాతీ కొలిచే పని కూడా ఆవిడదే. ఇంట్లో దర్జీ ఉండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకు? మొదటి ఆదివారం వాడు బనీను తీసి, చేతులు పక్కలకి ఎత్తి నిలబడితే, ఆవిడ టేపు చుట్టి, “ఇరవై తొమ్మిది,” అంది.

“అంగుళాలు కాదమ్మా. గవర్నమెంటు లెక్క సెంటీమీటర్లలో ఉంటుంది. టేపు తిప్పు.”

పాతికేళ్లుగా మెడలో వేసుకు తిరుగుతున్న టేపుకి వెనకవైపు కూడా అంకెలున్నాయన్న సంగతి ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. తిప్పి చూసింది. డెబ్బై మూడున్నర.

“ఎంతుండాలి?”

“డెబ్బై ఏడు. ఊపిరి బాగా పీలిస్తే ఎనభై రెండు రావాలి.”

“వస్తుందిలే. గుడ్డు రోజుకి మూడు చేద్దాం.”

చీరాలలో మేనత్త దగ్గర పెళ్లికి ముందు కుట్టు నేర్చుకున్నప్పుడు ఆ మేనత్త మొట్టమొదట చెప్పిన సంగతి, టేపు కింద రెండు వేళ్లు పెట్టి కొలవమని. “లూజు లేకుండా కుడితే జాకెట్టు అతుకుతుంది గానీ మనిషి బతకదే పిల్లా. అన్నం తినాలి, ఊపిరి తీసుకోవాలి,” అనేది. అప్పటి నుంచి సుబ్బరావమ్మ చూపుడువేలూ మధ్యవేలూ ఎవరి ఒంటిమీద టేపు చుట్టినా వాటంతటవే లోపలికి వెళ్లిపోతాయి. కొడుకు ఛాతీ మీద కూడా ఆ రెండు వేళ్లకీ వాడి గుండె కొట్టుకోవడం తగిలేది. ఆదివారం కోసం ఆవిడ ఎదురుచూసేది అందుకే.

డిసెంబరులో ఒకరోజు కోటేష్ ఒక కాగితం తెచ్చాడు. పైభాగం వెనక్కి మడిచి ఉంది.

“అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు. నాన్న పెట్టాడు.”

“ఏంటిది?”

“తల్లిదండ్రులకి అభ్యంతరం లేదని. సెలక్షన్లకి కావాలంట.”

ఆవిడ మిషను బల్ల మీద కాగితం పరిచి, చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం వత్తి వత్తి రాసింది. ‘రా’ కొంచెం వంకర పోయింది. “ఇది బాలేదు, ఇంకో కాగితం తేరా,” అంది. “చాలమ్మా, బ్రహ్మాండంగా ఉంది,” అని వాడు గబగబా తీసుకుపోయాడు. సంక్రాంతి వెళ్లి, మిరప కోతలు మొదలయ్యేదాకా ఆవిడకి ఆ వంకర ‘రా’ మీదే బెంగ.

కళ్లంలో మొదటి కోత కాయలు పోసిన వారం, ఆదివారం నాడు, టేపు డెబ్బై ఏడు చూపించింది. ఊపిరి పీల్చి బిగబడితే ఎనభై రెండు. కోటేష్ తల్లిని నడుం పట్టుకుని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. “దించరా, నడుం పట్టేస్తే సెలక్షనెట్టా?” అని ఆవిడ అరిచింది.

మర్నాడు సున్నుండలు డబ్బాలో పెట్టుకుని, కుట్టిన జాకెట్లు చంకన పెట్టుకుని జానీబీ ఇంటికి వెళ్లింది. జానీబీ తమ్ముడు హయాత్ వచ్చి ఉన్నాడు. నరసరావుపేటలో కానిస్టేబులు. మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సుబ్బరావమ్మకి ఆగలేదు.

“తమ్ముడూ, మావాడు కూడా మీ లైన్లోకే వస్తున్నాడు. నువ్వే కాస్త చూసుకోవాలి మరి.”

“రానీ అక్కా. ఎత్తున్నాడా?”

“నీ అంత ఉంటాడు. ఛాతీ కూడా నిన్ననే సరిపోయింది. డెబ్బై ఏడు.”

హయాత్ టీ ఊదుకోవడం ఆపాడు. “డెబ్బై ఏడేంటక్కా? మాకు ముప్పై నాలుగు అంగుళాలుండాలి. అంటే ఎనభై ఆరు పైనే. డెబ్బై ఏడంటే అది పోలీసు కొలత కాదు, అది మి...”

“హయాత్! టీ చల్లారిపోతోంది, తాగు,” అంది జానీబీ.

గ్లాసులో టీ పొగలు కక్కుతోంది.

జానీబీ జాకెట్లు చూడకుండానే బాగున్నాయంది. ఎప్పుడూ గంటసేపు కూర్చోబెట్టే మనిషి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి పోయింది. సుబ్బరావమ్మ అది కూడా పట్టించుకోలేదు. ఆవిడ గుండెల్లో అప్పటికే వేరే రాయి పడింది. పిచ్చిపిల్లాడు తప్పు లెక్క నేర్చుకున్నాడు! ఇంకా తొమ్మిది సెంటీమీటర్లు! అక్కడిదాకా వెళ్లి, అందరి ముందూ పొమ్మనిపించుకుని, మనసు విరిగి, వస్తూ వస్తూ ఏ బస్సు కిందన్నా...

పరుగులాంటి నడకతో కళ్లానికి వెళ్లింది. పేరయ్య పట్టా మీద గొంతుకూర్చుని కాయలు ఏరుతున్నాడు. మంచి కాయలు ఇటు, రంగు పోయిన తాలుకాయలు అటు.

“ఏమయ్యా, ఘోరం జరిగింది. ఇటు చూడు,” అని మెడలో టేపు తీసి ముప్పై నాలుగు దగ్గర గోరు నొక్కి, వెనక్కి తిప్పి చూపించింది. “ఎనభై ఆరంట! వీడికి డెబ్బై ఏడని ఎవరు చెప్పారో! నాలుగు నెల్ల కష్టం మట్టిపాలైంది. నువ్వే మెల్లగా చెప్పాలి. ఒక్కసారే చెబితే తట్టుకోలేడు.”

పేరయ్య తల ఎత్తలేదు. చేతిలోకి ఒక కాయ తీసుకున్నాడు. ఎర్రగా, నిగనిగలాడుతున్న కాయ. దాన్ని తాలుకాయల కుప్పలో వేశాడు. ఇంకోటి తీశాడు. అదీ మంచిదే. అదీ తాలులోనే వేశాడు.

ముప్పై ఏళ్లుగా మిరపకాయలు ఏరుతున్న చెయ్యి అది. సుబ్బరావమ్మ ఆ చెయ్యి వంక చూస్తూ నిలబడింది. జానీబీ గ్లాసులో టీ గుర్తొచ్చింది.

“హయాత్ ‘మి’ అని ఆగిపోయాడు,” అంది మెల్లగా. “అది ఏం మాటయ్యా?”

పేరయ్య ఇంకో కాయ తీసి, ఎటు వెయ్యాలో తెలియనట్టు అరచేతిలోనే పెట్టుకున్నాడు. “వాడే చెబుతానన్నాడే. సమయం చూసుకుని.”

“నీకెప్పట్నించి తెలుసు?”

“చవితప్పుడు.”

“అంటే మొదట్నించీ.”

“నేను ఈ పత్తిలో, ఈ మిరపలో ఏం బావుకున్నానే? వాడూ ఇక్కడే, ఈ పట్టా మీదే కూర్చోవాలా? వాడికి ఇష్టం. బాషా దగ్గరుండి నేర్పిస్తానన్నాడు. నీకు చెబితే...”

“ఆ కాగితం మడత పెట్టింది ఎవరు?”

పేరయ్య అరచేతిలోని కాయ తొడిమ తుంచాడు.

“వాడికి అంత తెలివి లేదు. మడత నువ్వే పెట్టావు.”

ఘాటుకి దగ్గు వచ్చినట్టు ఆయన అటు తిరిగి దగ్గాడు.

కళ్లం నుంచి ఇల్లు అర మైలు. ఆ అర మైలులో ఆవిడ ఉడికించిన గుడ్లన్నీ, చుట్టిన సున్నుండలన్నీ, లెక్కపెట్టిన దండీలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి ఎదురు నిలబడ్డాయి. వేపకొమ్మ కింద చేతులు చాచి నిలబడ్డ తను కనిపించింది. ఆ పూట చెట్టు మీద ఒకడు, మిరపచేల్లో ఒకడు, టీవీ ఇంట్లో ఇద్దరు, ఎంత నవ్వుకుని ఉంటారు! జెండా కప్పిన పెట్టె చూసి కొడుకు చేత ఒట్టు వేయించుకున్న చేతులతోనే దాన్లో పెట్టడానికి పిల్లాణ్ణి మేపింది. పైగా ‘రా’ వంకర పోయిందని బాధపడింది.

సాయంత్రం కోటేష్ వచ్చేసరికి వాడికి కబురు అందిపోయినట్టే ఉంది. గుమ్మంలో బూట్లు విప్పకుండా నిలబడ్డాడు.

“ఏరా, నా నెత్తి మీద చెయ్యేసి చెప్పావే!”

“ఏమని చెప్పానమ్మా? మిలిటరీ మాట ఎత్తనన్నాను. ఎత్తానా? ఇన్ని నెలల్లో ఒక్కసారన్నా ఆ మాట నా నోటెమ్మట విన్నావా?”

అనేశాక వాడికే ఏదోలా అయింది. తల దించుకున్నాడు. సుబ్బరావమ్మ మాత్రం కొడుకుని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అన్నం మెతుకులు అంటిన చేతితో, ఆ ఒక్క క్షణంలో, మాటలో వీడు ఇంత సందు వెతుక్కున్నాడా?

“అడిగితే వద్దంటావని తెలుసమ్మా. ఏడుస్తావు. అందుకే...”

“అంటాను. ఏడుస్తాను. అన్నం మానేస్తాను. అప్పుడు నన్ను కాదని వెళ్లు. కాదని వెళ్తే నేను నీకు తల్లినేరా. ఇట్టా వెళ్తే నేనెవర్ని? గుడ్లు ఉడకబెట్టే పనిమనిషిని. కొలతలు తీసే దర్జీని.”

“అమ్మా...”

“ఆ పెట్టె చూసి నేను భయపడ్డాను. నిజమే. పిరికిదాన్నే. పిరికిదానికి నిజం చెప్పక్కర్లేదని ఎవరు చెప్పార్రా మీకు?”

వాడు ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆరోజు నుంచి ఆ ఇంట్లో మగాళ్లిద్దరితో మాట్లాడటం మానేసింది.

గేదెతో మాట్లాడేది. మిషనుతో మాట్లాడేది. జాకెట్టు గుడ్డలు తెచ్చినవాళ్లతో మాట్లాడేది. వంట మానలేదు. గుడ్లు మూడూ ఉడికేవి, శనగలు నానేవి. కంచం మాత్రం చప్పుడు చెయ్యకుండా వాళ్ల ముందు పెట్టి వెళ్లిపోయేది. అరిస్తే బాగుండునని పేరయ్య రెండుసార్లు కావాలని పప్పులో ఉప్పు లేదన్నాడు. ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.

ఐదో రోజు సాయంత్రం గౌస్ బాషా వచ్చాడు. సైకిలు స్టాండు వెయ్యకుండా, పట్టుకునే నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, తప్పు నాది కూడా. కానీ నువ్వనుకున్నట్టు అందరూ పెట్టెల్లో రారు. పదిహేడేళ్లు చేసి నేను కాళ్లమీద నడిచి రాలేదూ?”

“వచ్చావన్నా. ఆ పదిహేడేళ్లూ జానీబీ ఎట్టా ఉందో నువ్వు చూళ్లేదు. నేను చూశాను. పోస్టుమాను సైకిలు బెల్లు కొడితే చేతిలో గిన్నె జారవిడిచేది. అట్టాంటి మనిషి కూడా నాకు చెప్పలేదు. టీ చల్లారిపోతోందంది.”

బాషా కాసేపు సైకిలు బ్రేకు నొక్కుతూ వదులుతూ నిలబడ్డాడు. మాట మార్చాలన్నట్టు అన్నాడు. “అసలు వాడికి వస్తుందో రాదో ఎవరు చూశారు? గుంటూరులో మిలిటరీ సెలక్షన్ల ర్యాలీకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. పరుగు పర్లేదు. కడ్డీకి వేలాడి బీము తొమ్మిదిసార్లు లాగుతున్నాడు. ఛాతీయే అంచు మీద ఉంది. అక్కడ డాక్టరు టేపు ఒంటికి అతుక్కుపోయేట్టు లాగుతాడు. ఒక్క గీత తగ్గినా వెనక్కే. నువ్వు తీసిన కొలత కదాని నేను మళ్లీ చూడలేదు. దర్జీ చెయ్యి తప్పదుగా.”

ఆయన వెళ్లిపోయాక సుబ్బరావమ్మ చాలాసేపు తన కుడిచేతి వేళ్ల వంక చూసుకుంది.

తర్వాత లేచి, ఇత్తడి బిందె బోర్లించి, దాని పొట్ట చుట్టూ టేపు చుట్టింది. వేళ్లు లోపలికి వెళ్లిపోయాయి. అంకె చూసింది. వేళ్లు తీసేసి, టేపు బిగించి, మళ్లీ చూసింది. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా. మళ్లీ చేసింది. ఒకటిన్నరే.

అంటే వాడిది డెబ్బై ఏడు కాదు.

బిందె పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. ఇప్పుడు ఈ ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ఆవిడ అబద్ధం ఆడక్కర్లేదు. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఇప్పుడున్నట్టే నోరు మూసుకుని ఉంటే చాలు. పద్దెనిమిది రోజులు గడుస్తాయి. వాడు గుంటూరు వెళ్తాడు. డాక్టరు టేపు లాగుతాడు. సాయంత్రం బస్సుకి వాడు ఇంటికొచ్చేస్తాడు. చెప్పకపోవడం అబద్ధమెట్టా అవుతుంది? మాట ఎత్తకపోవడం తప్పు కాదని నేర్పింది వాడే కదా!

ఎన్నో రోజుల తర్వాత ఆ పూట ఆవిడ కడుపునిండా అన్నం తింది.

కానీ మర్నాటి నుంచి ఇంకో చిక్కు మొదలైంది. భయపడటం అలవాటైన బుర్ర ఊరుకుంటుందా? జాకెట్టుకి చంక అతుకుతుంటే గుంటూరు మైదానం కనిపించేది. చొక్కాలు విప్పిన కుర్రాళ్లు బారులు తీరి ఉన్నారు. కోటేష్ వంతు వచ్చింది. డాక్టరు టేపు లాగి, డెబ్బై అయిదున్నర, పో అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. కోటేష్ కదలకుండా నిలబడి, “లేదు సార్, డెబ్బై ఏడు ఉంది. మా అమ్మ కొలిచింది సార్,” అంటున్నాడు. వెనకాల కుర్రాళ్లు నవ్వుతున్నారు. వాడు మళ్లీ, “మా అమ్మ దర్జీ సార్,” అంటున్నాడు.

ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి సూది విరిగేంత పనయ్యేది. నిజంగానే ఆ వారంలో రెండు సూదులు విరిగాయి.

మధ్యలో వచ్చిన ఆదివారం కోటేష్ కొలత అడగలేదు. వసారా దాకా వచ్చి, మిషను ఆగకపోవడం చూసి వెనక్కి వెళ్లిపోయాడు. ఆవిడ పెడల్ ఇంకా జోరుగా తొక్కింది. ఎంత జోరంటే, జాకెట్టుకి కుడిచెయ్యి అతకాల్సిన చోట ఎడమచెయ్యి అతికేసి, సాయంత్రం దాకా విప్పుతూ కూర్చుంది.

రెండో ఆదివారం వచ్చింది. కళ్లంలో రెండో కోత కాయలు ఎండుతున్నాయి. ఘాటు ఊరంతా పరుచుకుంది. పేరయ్య అరుగు మీద కూర్చుని గోతాలు పురికొసతో కుడుతున్నాడు. కోటేష్ పరిగెత్తి వచ్చి, తొట్టి దగ్గర మొహం కడుక్కుని, బనీను తీసి, ఏమీ అడక్కుండా మిషను పక్కన వచ్చి నిలబడ్డాడు. చేతులు పక్కలకి ఎత్తాడు.

మిషను ఆగింది.

వాడి చేతులు అలా గాల్లోనే ఉన్నాయి. చంకల కింద పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఎన్ని గుడ్లు పెట్టినా ఇంకా కనిపిస్తున్నాయి. సుబ్బరావమ్మ లేచి మెడలోని టేపు తీసింది. వాడి వీపు వెనక నుంచి చుట్టి ముందుకు తెచ్చింది. రెండు వేళ్లూ అలవాటుగా లోపలికి వెళ్లాయి. గుండె కొట్టుకుంటోంది. పరిగెత్తి వచ్చినందుకో, ఆవిడ దగ్గరికి వచ్చినందుకో, దడదడా కొట్టుకుంటోంది.

వేళ్లు అక్కడే ఉంచేసింది. అంకె డెబ్బై ఏడు దగ్గరే ఉంది. చదివితే చాలు.

“ఎంతమ్మా?”

రోడ్డు మీద పర్చూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అరుగు మీద పురికొస లాగుతున్న చప్పుడు ఆగింది. పేరయ్య ఇటు తిరగలేదు గానీ, చెవులు ఇటే ఉన్నాయని వీపు చూస్తేనే తెలుస్తోంది. మిరప ఘాటుకి కోటేష్‌కి దగ్గు వచ్చింది. కొలత చెడుతుందని ఆపుకున్నాడు. ఆపుకుంటుంటే వాడి కళ్లు ఎర్రబడి నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు కూడా వాడు అంతే. ఇంజెక్షను గుచ్చుతుంటే కదలకూడదని చెబితే, ఊపిరి కూడా తీసేవాడు కాదు.

ఆవిడ మెల్లగా మొదట మధ్యవేలు తీసింది. తర్వాత చూపుడువేలు. టేపు సర్రున జారి వాడి ఒంటికి అతుక్కుంది. వాడు ఉలిక్కిపడి కిందికి చూశాడు.

“ఎంతమ్మా?”

ఆవిడ మళ్లీ చూసింది. ఇంకోసారి చూసింది. గీత మాత్రం కదల్లేదు.

“అమ్మా, ఎంత?”

“డెబ్బై అయిదున్నర,” అంది సుబ్బరావమ్మ. పదమూడు రోజుల తర్వాత కొడుకుతో అన్న మొదటి మాట అది. “ఇన్నాళ్లూ నా వేళ్లు కూడా కలిపి చెప్పాను. ఎనిమిది రోజుల్నించీ నాకు తెలుసు. చెప్పలేదు.”